అలిపిరిలో హారతి పట్టిన పాత బండి

పోయిన ఆదివారం మా అబ్బాయి నా పక్కన చేరి, తాను కొనదలచిన పాత కారు ఫోటోలు ఫోనులో ఒక్కొక్కటే జరుపుతూ చూపించాడు. చిన్నదే గాని నేలకు కాస్త ఎత్తుగా ఉంటుందట, ఊళ్ళో సందుల్లో తిరగడానికీ, ఇంటిల్లిపాదీ కలిసి పోవడానికీ అనువుగా ఉంటుందట. అమ్మేది ఎవరని అడిగాను. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషట. అయితే నిశ్చింతగా కొనుక్కో అన్నాను. నేను వేళాకోళమాడుతున్నానని వాడు నవ్వేశాడు గాని, ఆ మాటలోని చేదు నా ఈడు వాళ్ళకు తెలుస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాకూ అచ్చం అలాంటి బండే కావలసి వచ్చింది. మా అమ్మకు మోకాళ్ళు పూర్తిగా పట్టేసిన రోజులవి. బస్సు మెట్టు ఎక్కలేదు, ఆటో కుదుపులు ఓర్చుకోలేదు, మామూలు కార్లలో కిందికి కూలబడితే మళ్ళీ లేవలేదు. చిత్తూరు దగ్గరి పల్లెలో ఆమె అక్క, అంటే మా పెద్దమ్మ, మంచం పట్టి, కన్ను మూసేలోగా చెల్లెల్ని ఒక్కసారి చూపించమని వచ్చినవాళ్ళందరితోనూ చెప్పి పంపేది. ఆ కబురు వచ్చినప్పుడల్లా అమ్మ అన్నం సగంలో వదిలి లేచేది.

సూళ్లూరుపేటలో ఉంటూ పులికాట్ సరస్సు ఒడ్డున రొయ్యల వ్యాపారం చేసే మా బావ, అంటే అక్క మొగుడు, తన ఎత్తు బండిని అమ్మేస్తున్నాడని తెలిసి మేమెంత పొంగిపోయామో చెప్పలేను. ఎందుకైనా మంచిది, ఎవరైనా మెకానిక్కుకు చూపిద్దామన్నాను. మా నాయన కసిరాడు. ఇంటల్లుడి బండిని పరాయివాడి చేత పరీక్ష చేయించడమంటే, అల్లుణ్ణి నడివీధిలో నిలబెట్టి జేబులు తడమడమేనని ఆయన ఉద్దేశం. బావ కూడా ఏం తక్కువ తినలేదు.

“చూసేదానికి ఏముండాది మామా, ముందు స్వామికి చూపించండి, మిగతాది మళ్ళా మాట్లాడుకుందాం” అన్నాడు.

మా తిరుపతి వైపు పద్ధతి మీకు తెలిసిందే. బండి కొత్తదైనా పాతదైనా ముందు అలిపిరికి పోవాలి, కొండ మొదట్లో పూజ చేయించాలి. ఒకసారి హారతి పట్టాక దాన్ని వెనక్కిస్తామనడం, బాగాలేదనడం స్వామినే తప్పు పట్టినట్టని మా ఇంట్లో నమ్మకం, ఆ నమ్మకం సంగతి మా నాయనకెంత తెలుసో బావకూ అంతే తెలుసు. అక్కే స్వయంగా కొబ్బరికాయ కొట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, నన్ను ముందుకు తోలమంది. నిమ్మకాయలు చితికాయి. నాయన హారతి కళ్ళకద్దుకున్నాడు.

ఆ వారంలోనే అమ్మను ఎక్కించుకుని పెద్దమ్మ ఊరికి బయలుదేరాం. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తనంతట తాను సీటులోకి జరిగి, ఒళ్ళో అక్క కోసం వండిన నిప్పట్ల డబ్బా పెట్టుకుని, పెళ్ళికి పోతున్న పిల్లలాగా కూర్చుంది అమ్మ. చంద్రగిరి దాటిన కాసేపటికి బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నేనూ నాయనా ఎండలో బానెట్టు ఎత్తి అవస్థ పడుతుంటే, లోపల అమ్మ చేజారిన మాత్రకోసం కాళ్ళ కింది పట్టా ఎత్తింది. అడుగంతా ఎండిన బురద, ఆ బురదలో తెల్లటి చిన్న చిన్న గవ్వలు. ముందటేడు తుపానుకు పులికాట్ ఒడ్డు ఊళ్ళు మునిగాయని మాకు తెలుసు. బావ బండి కూడా ఆ ఉప్పునీళ్ళలో నానిందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

అమ్మ ఆ గవ్వల్ని అరచేతిలో పెట్టుకుని, “బిడ్డకు తెలీకుండా ఉంటాదా ఇది?” అంది మా అక్కను తలచుకుని. నాయన బానెట్టు దించేశాడు.

బండిని లాగించుకుని తిరుపతికి తిరిగి వచ్చాం. ఇచ్చేద్దాం నాయనా అని నేను ఎగిరితే, “హారతి పట్టినాం గదరా, ఇంక నోరెత్తగూడదు” అని ఆయన నా నోరే మూయించాడు. ఉండబట్టలేక బావకు నేనే ఫోను చేశాను.

“అలిపిరి కాడ బాగానే ఉండె గదప్పా, స్వామి ముందర లేని లోపం ఇప్పుడు యాడ నుంచి వచ్చె?” అన్నాడు. నమ్మినవాణ్ణి నట్టేట ముంచడమే కాకుండా, ముంచిన పాపం దేవుడికి అంటగట్టిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుంది.

బండి షెడ్డులో ఉండగానే పెద్దమ్మ పోయింది. పెద్దకర్మకు అమ్మను తీసుకుపోవడానికి అక్కా బావా సరికొత్త బండిలో వచ్చారు, అది ఇంకా ఎత్తు. అక్క తలుపు తెరిచి పట్టుకుని, తల వంచుకుని, “ఎక్కు మా” అంది. ఎక్కవద్దని చెప్పాలనుకున్నాను. అమ్మ కూతురి ముఖంలోకి ఒక్కసారి చూసి, ఎక్కి కూర్చుంది.

ఇప్పటి పిల్లలు కొనబోయే బండిని గుచ్చి గుచ్చి పరీక్షిస్తారు, అమ్మేవాళ్ళూ నొచ్చుకోరు, బేరం తెగితే ఎవరి దారిన వాళ్ళు పోతారు. చూస్తుంటే నాకు కుళ్ళుగా ఉంటుంది. అయినవాళ్ళకు ఆకుల్లో, కానివాళ్ళకు కంచాల్లో అని ఊరికే అనలేదు. అడగకపోవడాన్నే మేము మర్యాద అనుకున్నాం. ఆ మర్యాద నిలబడింది, చుట్టరికమూ నిలబడింది, మా అమ్మ మాత్రం బతికున్న అక్కను చూడలేక, దండ వేసిన ఫోటో చూసి వచ్చింది.