ఎత్తిన చేతుల కొలత

ఆ టైలరు షాపులో కత్తెర పట్టే హక్కు మామగారిది. నలభై ఏళ్లుగా అందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. కోడలిది గుండీలు కుట్టే పని. చూపు మందగించాక, మనసొప్పకపోయినా, ఆయన కత్తెర ఆమె చేతికిచ్చాడు. ఇచ్చినవాడు ఊరుకోవచ్చు కదా! పొద్దస్తమానం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

ఆమె కత్తిరించిన మొదటి పెద్ద ఆర్డరు, ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఆడవాళ్లకు పన్నెండు యూనిఫాం చొక్కాలు. పదిహేను రోజులకే పన్నెండూ తిరిగొచ్చాయి. అన్నీ చంక కిందే చిరిగాయి.

"దారం నాసిరకందేమో మావయ్యా," అందామె.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. వేరేవి కుట్టి పంపు. మళ్లీ వెనక్కొచ్చాయంటే కత్తెర ఇటిచ్చెయ్. నీకు గుండీలు చాలు."

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. అంతకంటే, తప్పెక్కడుందో తెలియకపోవడం ఎక్కువ బాధపెట్టింది. మాస్టారు నేర్పినట్టే మనిషిని నిటారుగా నిలబెట్టి, చేతులు కిందికి వదలమని కొలతలు తీసింది. అంగుళం తేడా లేదు.

మర్నాడు పొద్దున్నే లాండ్రీకి వెళ్లి ఓ మూల నిలబడి చూసింది. తలకంటే ఎత్తున తీగలు. ఆడవాళ్లు మునివేళ్ల మీద లేచి, తడి దుప్పట్లు విసిరి ఆరేస్తున్నారు. ప్రతి దుప్పటికీ ఒంటి మీది పాత చొక్కా నడుం దాకా ఎగబాకుతోంది. దాన్ని కిందికి లాక్కుని మళ్లీ ఇంకో దుప్పటి. వాళ్లలో పెద్దావిడ చొక్కాకు చంక కింద కుట్టే లేదు.

"ఇదేంటి పిన్నీ, ఊడిపోయిందా?"

"ఊడలేదమ్మా, నేనే విప్పుకున్నా. ఎలాగూ చిరిగేదే, కాస్త గాలైనా ఆడుతుంది!"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, "నన్నూ ఒకటి ఆరెయ్యనివ్వండి" అంటూ దుప్పటి అందుకుంది. చేతులెత్తిందో లేదో, టప్పున పిగిలింది తన జాకెట్టే! తను కుట్టుకున్నదే! సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆ వెంటనే ఎక్కడలేని సంతోషం ముంచుకొచ్చింది.

పనిలో ఎవరైనా కట్టెలా నిలబడతారా? ఇన్నాళ్లూ కొలిచింది నిలబడ్డ మనిషిని, చొక్కా తొడుక్కునేదేమో పనిచేసే మనిషి. ఇంత చిన్న సంగతి నలభై ఏళ్లుగా ఆ షాపులో ఎవరికీ తట్టలేదు. అక్కడికక్కడే టేపు తీసి, "చేతులెత్తండి" అంటూ అందరినీ మళ్లీ కొలిచింది. ఈసారి చేతులెత్తినా పట్టెయ్యకుండా, కొత్త చొక్కాలకు చంక కింద అరచేయంత నలుచదరపు ముక్క కలిపి కుట్టింది.

"కొత్త చొక్కాకు మాసికా!" అని మాస్టారు మొహం తిప్పుకున్నాడు.

రెండు నెలలు గడిచినా ఒక్కటీ తిరిగి రాలేదు. మూడో నెలలో లాండ్రీ సూపర్‌వైజరే వచ్చి ఇంకో యాభై కుట్టమన్నాడు. "కొలతలు మాత్రం ఆ అమ్మాయే తీయాలట మాస్టారూ, మావాళ్లు మరీ మరీ చెప్పారు."

సూపర్‌వైజరు వెళ్లాక మాస్టారు కుర్చీలోంచి లేచొచ్చి, కోడలి ముందు నిలబడి, రెండు చేతులూ పైకెత్తాడు.

"పై అరలో గుడ్డ అందుకోబోతే నాకూ చొక్కా చంక కింద పట్టేస్తుంది. నేనే లావయ్యాననుకుంటూ వచ్చా ఇన్నేళ్లూ," అన్నాడు. "కొలువమ్మా."