గెనిమ మీద గరిక

తిరుపతిలో బస్సు దిగినవాడికి కొండెక్కడం తప్ప వేరే పని ఉండవచ్చునని ఆ ఊళ్లో ఎవరూ నమ్మరు. ఆ రోజు నాయనతో బస్టాండులో దిగగానే జీపువాళ్లు చుట్టుముట్టారు. ఆసుపత్రికి పోవాలని నేనంటే, "దర్శనం సేసుకోని పొండన్నా, దావే గదా!" అన్నాడొకడు. దావ కాదు. ఆసుపత్రి ఇంకో దిక్కున ఉంది.

నాయన బంగారుపాళ్యం దగ్గర మామిడితోట రైతు. అంతకు కొన్ని వారాల ముందు ప్రోస్టేట్ క్యాన్సరని ఆయనకు ఆ గ్రంథిని తీసేశారు. తీసినదాన్ని పరీక్షకు పంపారు. డాక్టరు ఫలితం చూసి, నాయనను వదిలేసి నాతో అన్నాడు: "మార్జిన్ పాజిటివ్."

నాయన మోచేత్తో పొడిచాడు. "పాజిటివ్ అంటే మంచిదే గదా? మరి ఆయప్ప మొగం పూత రాలిపోయినట్ల పెట్టినాడేం?"

నేను డిగ్రీ చదివినవాణ్ణే. కానీ మార్జిన్ అంటే నాకు తెలిసింది నోటుబుక్కులో ఎర్రగీత. డాక్టరే విడమరిచాడు. కోసి తీసిన ముక్క అంచు దాకా క్యాన్సర్ కణాలున్నాయి. కాబట్టి లోపల కొన్ని మిగిలి ఉండవచ్చు, ఉండకపోనూవచ్చు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించాలి. అందులో వచ్చే అంకె సున్నా దగ్గరే ఉండాలి. పెరిగితే జబ్బు తిరగబెట్టినట్టే.

"అంచు దాకా వచ్చిందంట నాయనా," అన్నాను.

"అంచు పంచకుంటాదిరా. ఇది గెనిమ." చేని గట్టును మా వైపు అట్లాగే అంటాం. "సారూ, గరిక గెనిమ దాకా పాకినాక, గెనిమ కాడికే కోసి నిలిపేస్తే ఎట్ల? అవతల యేరుండాదో లేదో ఎవురు సూసినారు?"

"ఇంకా కోస్తే మూత్రం ఆగదు పెద్దాయనా."

"ఓహో. అవతలిది ఇంకోరి సేనా," అన్నాడు నాయన. డాక్టరును క్షమించినట్టే కనిపించాడు.

పక్క రైతు గట్టు జరుపుతున్నాడేమోనని సగం ఆయుష్షు కాపలా కాసిన మనిషి. ఇప్పుడు గట్టు ఒంట్లోకే వచ్చింది. పొద్దున్నే పోయి చూసి రావడానికి లేదు. అందుకని మమ్మల్ని చూడడం మొదలుపెట్టాడు.

"ఏమే, నెయ్యి ఎక్కువేసినావు? డాక్టరు నీతో ఏం సెప్పినాడు?"

"నాతో గుట్టుగా మాట్లాడేదానికి నేనేమన్నా కలెక్టరునా?" అంది అమ్మ. మర్నాటి నుంచి నెయ్యి తగ్గించింది. తగ్గించినందుకూ అనుమానపడ్డాడు.

మొదటి రెండు పరీక్షలు బాగానే వచ్చాయి. "నాకు ముందు కూర్చున్నాయన రగతమేమో," అన్నాడు నాయన.

మూడోసారి ఆయన్ను బయట కూర్చోబెట్టి డాక్టరు నన్ను లోపలికి పిలిచాడు. పెరిగింది. కొద్దిగానే, కానీ పెరిగింది. ఆలస్యం చేయకుండా రేడియేషన్ మొదలుపెడదాం అన్నాడు. మన జనం దాన్ని కరెంటు పెట్టడం అంటారు.

రెండు గ్లాసుల్లో టీ తీసుకుని బయట బల్ల మీద నాయన పక్కన కూర్చున్నాను. "రవ్వంత పెరిగిందంట నాయనా. ముందుజాగ్రత్తకు కరెంటు పెడతారంట. ఎక్స్‌రే మాదిరే. పడుకునేది, లేసేది, అంతే. నొప్పి కూడా ఉండదంట. రవ్వంతే..."

టీ నా ప్యాంటు మీద ఒలుకుతోంది. నాయన నా చేతిలోని గ్లాసు తీసి బల్ల మీద పెట్టాడు.

"కరెంటు పెట్టేది నాకు గదా," అన్నాడు. "నువ్వేందిరా వణకతా ఉండావు?"