వలయం రాని బిళ్ళ

గుల్నాజ్ నోరు మంచిది కాదని కావలిలో ఎవర్నడిగినా చెప్తారు. నిజమే, కాదు. పద్దెనిమిదేళ్లుగా చిన్న ల్యాబులో ఊరివాళ్ల మలం పరీక్షలు చేస్తోంది. రిపోర్టు ఇంకా రాలేదా అని ఎవరైనా గద్దిస్తే, "క్రిములు నీ జీతగాళ్లా, చెప్పంగానే పెరగను?" అంటుంది. ఈ ఉద్యోగం మూలంగానే అత్త ముంతాజ్ బేగం కోడలి చేతి మంచినీళ్లు కూడా ముట్టదు. ఏమేం పిసికిన చేతులో అని ముక్కు మూసుకుంటుంది.

అంతటి అత్తకు రక్త విరేచనాలు పట్టుకున్నాయి. చిన్నకొడుకు ఆఫ్తాబ్‌కు మందుల కొట్టుంది. డాక్టరెందుకు దండగని తనే బిళ్ళలిచ్చాడు. నాలుగు రోజులకు ముసలామె కళ్లు గుంటలు పడ్డాయి. గుల్నాజ్ ఇక ఆగలేదు. మరిదికి మాటమాత్రం చెప్పకుండా అత్తను ఆటోలో ఆసుపత్రికి చేర్చి, మలం పట్టుకుని ల్యాబుకు పోయింది.

దాన్ని క్రిములు పెంచే గాజు ప్లేటులో వేసి, పెరిగిన క్రిమిని వేరుచేసి ఇంకో ప్లేటంతా పరిచింది. దానిమీద ఒక్కో మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు పెట్టింది. క్రిమి చచ్చే మందైతే తెల్లారేసరికి బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం వస్తుంది. రెండింటికే వచ్చింది. ఆఫ్తాబ్ ఇచ్చిన మందుకు రాలేదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మూడురోజులుగా అత్త సెలైన్ మీదే ఉంది. ఆ మంచం దగ్గరే గుల్నాజ్ మరిది మొహం ముందు ఆ ప్లేటు ఫోటో పెట్టింది.

"చూడు, నీ బిళ్ళ పక్కనే క్రిములు కాపురం పెట్టినాయి! మీ అమ్మకు నువ్వు పెట్టింది మందు గాదు, మన్ను."

"నా కొట్టు మూయించాలని నీ ఏడుపు! అమ్మా, వదిన మాట నమ్మబాక. ఇంటికి పోదాం పా, ఇంకో కోర్సు వేస్తా" అన్నాడు ఆఫ్తాబ్.

"తీసకపో. రేపు మోసేదానికి నలుగుర్ని గూడా పిలుచుకో!"

రిపోర్టు చూసి డాక్టరు రాసిన ఇంజెక్షన్‌తో నర్సు వచ్చి నిలబడింది. ఆఫ్తాబ్ అడ్డంగా చెయ్యి పెట్టాడు. ముంతాజ్ బేగం కోడల్ని ఎప్పటిలాగే అసహ్యంగా చూసింది. కొడుకు చెయ్యి పక్కకు తోసింది.

"పద్దెనిమిదేళ్లలో నన్ను మంచి చేసుకునేదానికి గూడా ఒక్క అబద్ధం ఆడలేదురా ఈ రాకాసి. ఇప్పుడాడతాదా? పొడువమ్మా."