కొట్టత్త విప్పని మూట

మా కొట్టత్త పోయింది. మంగళవారం పొద్దున్న ఎగువ తోట నుంచి పాతబట్టల మూట తెచ్చిన అరవ బండివాడు ధర్మకొట్టు తలుపు ఎంతసేపు కొట్టినా లోపలి నుంచి పలుకు లేదట. మూటని అరుగు మీద దింపేసి, తిన్నగా మా కూలీల లైనుకి వచ్చి, "అమ్మా, పాట్టి ఎందిరిక్కలే" అన్నాడు. ముసలమ్మ లేవడం లేదని. వాడి ముఖం చూస్తేనే నాకు సంగతి అర్థమైపోయింది. పరిగెత్తాను. అరుగు మీది మూట తగలకుండా చుట్టూ తిరిగి, వెనక గది తలుపు తోశాను. చాప మీద ఒక పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉంది. చేతిలో వెలిగించని చుట్ట. నడుముకి కొట్టు తాళంచెవి. నిద్రలోనే పోయిందన్నాడు చర్చి ఆసుపత్రి డాక్టరు. అదృష్టవంతురాలన్నారు అందరూ. మూట మాత్రం అరుగు మీదే ఉండిపోయింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఎందుకు ముట్టుకోలేదో మీకు తెలియాలంటే ముందు కొట్టత్త సంగతి చెప్పాలి.

మలయాలో మా సుంగై సిపుట్‌ ఊళ్ళో రైలు స్టేషను నుంచి చర్చికి వెళ్ళే దారిలో రేకుల కప్పు వేసిన చిన్న కొట్టు అది. దొరల బంగళాల్లో విడిచేసిన బట్టలు, టోపీలు, బూట్లు, రబ్బరు తోటల నుంచి వచ్చే పాత కంబళ్ళు అక్కడ కాసిని సెంట్లకి అమ్ముతారు. వచ్చిన డబ్బు బీదవాళ్ళ మందులకి పోతుంది. అందుకే ధర్మకొట్టు అంటాం. అత్త విశాఖపట్నం రేవులో తల్లి కొంగు పట్టుకుని ఓడెక్కిన మనిషి. మొగుడు పోయాక చర్చిలో కలిసింది. పిల్లల్లేరు. కొట్టు చూసుకుంటూ కొట్టు వెనక గదిలోనే ఉండేది. నాకు రక్తసంబంధం ఏమీ కాదు. ఊళ్ళో తెలుగువాళ్ళలో హిందువులని లేదు, కిరస్తానీలని లేదు, అందరికీ అత్తే.

పోయినవాళ్ళని పొగడాలి కదా అని పొగడడం నాకు చేతకాదు. ఆవిడ నోరు చెడ్డది. నాదీ అంతే కాబట్టి ఇద్దరికీ పొత్తు కుదిరింది. ఎవరైనా బేరమాడితే చాలు, "ఓలమ్మ, పది సెంట్లకి దొరసాని గౌను కావాల్నా? గౌనుతో పాటు దొరని కూడా కట్టబెట్టమంటావేటి?" అనేది. మా వైపు ముసలమ్మలందరిలాగే నిప్పు నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ కాల్చేది. కొట్టు మీద అజమాయిషీ చేసే చర్చి దొరసాని వాసన పసిగట్టి ఇదేమిటని అడిగితే, చుట్ట నోట్లోనే దాచుకుని, పెదాలు బిగించి, ఏమీ ఎరగనట్టు తల అడ్డంగా ఊపేది. దొరసాని వీధి మలుపు తిరిగాక, "బట్టలకి సిమటలు పట్టకుండా పొగెడతన్నాను, తప్పేటి?" అని మమ్మల్నే గదమాయించేది.

ఆవిడ సామెత ఒకటే. కీడెంచి మేలెంచాల. ఆకాశం మబ్బేసినా అదే మాట, ఎవరైనా పెళ్ళిచూపులకి బయల్దేరినా అదే మాట. మాకు నవ్వులాటగా ఉండేది.

నేను మొదటిసారి ఆ కొట్టుకి వెళ్ళింది పెళ్ళయిన కొత్తలో, మా ఆయనతో, రవికల గుడ్డ కోసం. చంకల దగ్గర చిరిగిన ఎర్ర మఖమలు గౌనొకటి అత్త తీసి నా భుజం మీద వేసి చూసింది. "దీంట్లో నీకు రెండు రవికలు, మీ ఆయనకో తలగడ గలీబు. పో, పండగ సేసుకో," అంది. ఇచ్చే ముందు దాని మూలకి కాస్త పసుపు రాసింది. పాతబట్టకి పసుపేమిటత్తా అన్నాను. "ఎవులికే పాత? కట్టుకునేదానికి కొత్తే గదా," అంది. కొత్తబట్ట మూలకి పసుపు పెట్టి గాని మనం కట్టుకోం. చర్చిలో కలిసినా ఆవిడకి ఆ అలవాటు పోలేదు.

దొరసానికి ఇది తెలిసి, పసుపు పెట్టడం అన్యుల ఆచారమని గట్టిగా చెప్పింది. మర్నాడు అత్త పసుపు నీళ్ళలో దారం నానబెట్టి ఆరేసింది. అప్పటి నుంచి అమ్మిన ప్రతి బట్టకీ మూల లోపలి వైపు ఆ దారంతో చిన్న కుట్టు వేసేది. ఒకరికి వేసిన బొమ్మ ఇంకొకరికి వేసేది కాదు. ఒకరికి చేప, ఒకరికి దువ్వెన, చెట్లు కొట్టేవాడికి గొడ్డలి. కుట్టుపనిని తప్పుపట్టలేక దొరసాని ఊరుకుంది. ఆ కుట్లే తర్వాత మమ్మల్ని నిద్రపోనివ్వకుండా చేశాయి.

రబ్బరు ధర పడిపోయిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. మా తోటలో సగం మందికి పని లేదన్నారు. ఓడెక్కి దేశానికైనా పొండి, కొత్తగా అడవి కొట్టి వేస్తున్న ఎగువ తోటకైనా పొండి అన్నారు. ఎగువ తోటంటే ఏటి మీద పడవలో పోవాలి. ఆడవాళ్ళని రానివ్వరు. కూలీలని పోగుచేసే కంగాణి మా లైన్ల మధ్య నిలబడి, అక్కడ కూలి ఎక్కువ, బియ్యం ఊరికే ఇస్తారు, ఉన్న లోటల్లా చలి ఒక్కటే అని నవ్వాడు. దాంతో మగవాళ్ళందరూ కంబళ్ళ కోసం ధర్మకొట్టు మీద పడ్డారు. అత్త అందరికీ అమ్మింది. అందరికీ కుట్టింది.

కొన్నాళ్ళకి ఎగువ తోట ఆసుపత్రి వాళ్ళు ధర్మానికి పంపారంటూ చర్చికి మొదటి మూట వచ్చింది. విప్పితే ఫినాయిలు కంపు, ఉడకబెట్టిన కంబళ్ళు, వాటి మూలల్లో పసుపు కుట్లు.

అప్పటికి మా ఆయన ఇంకా ఇక్కడే ఉన్నాడు. పని మిగిలిన సగం మందిలో ఉన్నాడు. ఆ తర్వాత ఆ పనీ పోయింది. ఎగువ తోటకి పోతానంటూ ఆయన కంబళి కోసం వెళ్తుంటే నేనూ వెంటపడ్డాను. నా మాట వినడు, అత్త మాటైనా వింటాడని ఆశ.

"నీకమ్మను," అంది అత్త.

"ఏటత్తా, డబ్బులిస్తానంటే అమ్మవా?"

అత్త బల్ల కింద నుంచి మూడు కంబళ్ళు తీసి పరిచింది. అవి కొనుక్కుపోయిన ముగ్గురికీ ఇక్కడ నా అన్నవాళ్ళెవరూ లేరని తన దగ్గరే ఉంచుకుంది. "సూడు. ఈ సేప ఎవులికేసినాను? ఈ దువ్వెన ఎవులికేసినాను? కంబళ్ళు తిరిగొచ్చినాయి. కప్పుకున్నోళ్ళేరీ?"

మా ఆయన చేప కుట్టు మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత నవ్వేశాడు. "కల్లుకి అమ్మేసుకునుంటారు. కంగాణి కూడా అదే సెప్పినాడు."

"ఉడకబెట్టినారురా వీటిని. కల్లుకమ్మిన కంబళి ఎవుడైనా ఉడకబెడతాడేటి?"

"మరేటి సెయ్యమంటావు? ఓడెక్కి ఒట్టి సేతుల్తో ఊరెల్తే మా అన్నదమ్ములు గుమ్మమెక్కనిస్తారా? ఒక్క ఏడాదత్తా. ఏడాదికి తిరిగొచ్చెస్తాను."

"ఓరి గుంటడా, దూరపు కొండలు నునుపురా. కీడెంచి మేలెంచాల."

"నువ్వు కీడే ఎంచుతావు గానీ మేలు దాకా ఎప్పుడెల్లినావు?" అన్నాడు.

నేను ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చాను. కొట్టులో చీనా ఆడవాళ్ళు బూట్లు చూసుకోవడం మానేసి నన్ను చూస్తున్నా సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆయన నా చేతులు విడిపించుకుని, కంబళి లేకపోయినా వెళ్తానన్నాడు. అప్పుడు అత్త లొంగింది. చలికి ముడుచుకుని పడుకుంటాడని తలచుకుని ఉంటుంది. ఉన్నవాటిలో మందంగా ఉన్న నల్లది తీసి, కుట్టు వెయ్యకుండా మడిచి ఇచ్చింది.

"అందరికీ ఏసినావు. నాకెందుకెయ్యవు? నానేటి పరాయోణ్ణా?"

"ఎయ్యను. ఏస్తే ఎదురుసూడాల."

"ఎయ్యత్తా. వచ్చినాక నీకే తెచ్చి సూపిస్తాను." నా చెయ్యి ముందుకు లాగి, మణికట్టు మీద మా అమ్మ చిన్నప్పుడు పొడిపించిన తేలు పచ్చబొట్టు చూపించాడు. "ఇదిగో, ఈ తేలెయ్యి. కప్పుకుంటే ఇది పక్కనున్నట్టుంటాది."

సూదిలోకి దారం ఎక్కడానికి చాలాసేపు పట్టింది. తేలు కొండి వంకర పోయింది. "నీ తేలు తప్పతాగినట్టుందత్తా," అని వెక్కిరించాడు. ఆ కొట్టులో ఆయన అన్న చివరి మాట అదే.

ఆయన వెళ్ళిన వారానికి అత్త నన్ను చెవి పట్టుకుని చర్చి బడికి ఈడ్చుకుపోయింది. "రేపు ఉత్తరమొస్తే సదివిపెట్టమని ఎవులి కాళ్ళట్టుకుంటావు? నేర్చుకో," అంది. అలా నాకు అక్షరాలు వచ్చాయి. ఉత్తరం రాలేదు. ఆ అక్షరాలతోనే ఇవాళ ఇది రాస్తున్నాను.

దొరసాని ఎగువ తోట ఆఫీసుకి రాసి చూసింది. అక్కడ మనుషులకి పేర్లుండవట, రేకుబిళ్ళ మీద నంబర్లేనట. నంబరు చెప్పకపోతే ఎవరు ఉన్నదీ ఎవరు లేనిదీ చెప్పలేమని జవాబు. కంగాణి మళ్ళీ మా లైన్ల వైపు రాలేదు. మాకు మిగిలిన ఆనవాళ్ళల్లా రెండు మూడు నెలలకోసారి పడవలో రేవుకీ, రేవు నుంచి బండి మీద కొట్టుకీ వచ్చే ఆ మూటలే.

మూట వచ్చిందని తెలిస్తే ఆడవాళ్ళం అరుగు మీద చేరేవాళ్ళం. అత్త మమ్మల్ని లోపలికి రానిచ్చేది కాదు. దొరసానినీ రానిచ్చేది కాదు. గడియ వేసుకుని ఒక్కతే విప్పేది. బయట మేం ఎండుచేపల ధరలూ పిల్లల దగ్గులూ మాట్లాడుకునేవాళ్ళం. గడియ తీసిన చప్పుడైతే అందరి నోళ్ళూ మూతపడేవి. అత్త గుమ్మంలో నిలబడి, "రాలేదు. ఇళ్ళకి పొండి," అనేది. ఆ మాట వినడానికే వెళ్ళేవాళ్ళం. కొన్నిసార్లు అలా అనేది కాదు. బయటికి వచ్చి, మాలో ఒకరి చెయ్యి పట్టుకుని, ఏమీ మాట్లాడకుండా లోపలికి తీసుకుపోయేది. మళ్ళీ గడియ పడేది.

మా పక్క గది పిల్లని అలాగే తీసుకుపోయింది. నిండు చూలాలు. అత్త చెయ్యి పట్టుకోగానే, "నాది కాదత్తా, ఇంకోపాలి సూడు, నాది కాదు," అంటూ వెనక్కి లాగింది. అత్త వదల్లేదు. తలుపు మూసుకుంది. కాసేపటికి లోపల్నుంచి నేలకేసి కొట్టుకుంటున్న గాజుల చప్పుడు వినిపించింది. మేమందరం మా గాజులు కొంగు కింద దాచుకుని కూర్చున్నాం. ఆ పిల్లని పురుడు వచ్చేదాకా అత్త తన గదిలోనే పెట్టుకుని గంజి కాచి పోసింది. పుట్టినవాడికి ఆ కంబళి మూల కోసి పొత్తిగుడ్డ కుట్టింది. పోయినవాడి గుడ్డ పసిబిడ్డకా అని ఎవరో గొణిగితే, "అయ్య కంబళి బిడ్డకి కాక నీకియ్యాల్నా?" అని నోరు మూయించింది.

నాకు మాత్రం ప్రతిసారీ "రాలేదే" అన్న మాటే. ఆయన చెప్పిన ఏడాది దాటింది. ఇంకో ఏడాది దాటింది. పేరంటాల్లో నా వరకూ వచ్చేసరికి కుంకుమ భరిణె పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగడం మొదలైంది. పెట్టాలా వద్దా అని. ఆ ఆగడం ఉంది చూశారూ, అది నన్ను కోసేసేది.

ఒకసారి అత్త మీద విరుచుకుపడ్డాను. "నిజం సెప్పు. వచ్చేసింది కదా? నా మీద జాలితో దాచేసినావు కదా?"

"నానబద్ధమాడితే నా నోట్లో పురుగులు పడిపోవాల. రాలేదంటే రాలేదే!" అని అరిచింది. తర్వాత చుట్ట నోట్లోంచి తీసి, మెల్లగా, "వస్తే నీ కంట ముందు పడకూడదనే నాను విప్పుతన్నాను. అంతే," అంది.

నేను నమ్మలేదు. నమ్మినట్టు తల ఊపి ఇంటికి వచ్చేశాను.

బుధవారం ఆవిడని చర్చి శ్మశానంలో పాతిపెట్టారు. దొరసాని కొత్త తెల్లచీర ఇచ్చింది. ఆవిడకి కట్టే ముందు పసుపు దారం ఉండ వెతికి తీసి, చీర మూల లోపలి వైపు కుట్టు వేశాను. ఏ బొమ్మ వెయ్యాలో తోచక ఒక చుట్ట వేశాను. దొరసాని చూసింది. శ్మశానం నుంచి వచ్చాక, ఇకమీదట కొట్టు నువ్వే చూసుకోవాలి అంటూ తాళంచెవి నా చేతిలో పెట్టింది.

నేను ముందు తెరిచింది కొట్టు కాదు, అత్త తల దగ్గర ఉండే రేకుపెట్టె. తేలు కంబళి అందులోనే ఉంటుందని నాకు రూఢి. తీస్తాను, చూస్తాను, గుండె పగిలేలా ఏడుస్తాను, పుస్తె తీసేస్తాను, ఇంక ఎదురుచూడక్కర్లేదు. అంతవరకూ సిద్ధపడిపోయాను. పెట్టెలో రెండు చీరలు, బైబిలు, చుట్టల కట్ట, ఎర్ర మఖమలు గౌనులో మిగిలిన ముక్క ఉన్నాయి. అన్నీ బయటికి తీసి దులిపాను. పెట్టె బోర్లించాను. కంబళి లేదు.

అత్త నాతో ఒక్కనాడూ అబద్ధమాడలేదు. నేను సంతోషించాలి కదా? నా వల్ల కాలేదు. ఇంతకాలం రానిది ఇంకా రావచ్చు. అత్త విప్పని మూట అరుగు మీద అలాగే ఉంది.

ఈ నాలుగు మాటలూ కొట్టు బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. ఇవాళ పొద్దున్నే మూటని లోపలికి లాక్కుని గడియ వేశాను. నా కాళ్ళ దగ్గరే ఉంది. గదిలో ఇంకా మిగిలిన చుట్ట వాసనని ఫినాయిలు కంపు మింగేస్తోంది. బయట అరుగు మీద ఆడవాళ్ళు ఎండుచేపల ధర మాట్లాడుకుంటున్నారు. ఇందాక ఎవరో తలుపు తట్టి, "ఏటే, విప్పినావా లేదా? బేగి విప్పు," అన్నారు. విప్పుతన్నానన్నాను.

వాళ్ళలో ఎవరిదైనా ఉంటే ఏం చెయ్యాలో నాకు తెలుసు. అత్తని చూసి నేర్చుకున్నాను. బయటికి వెళ్ళి చెయ్యి పట్టుకోవాలి, నోరు మెదపకూడదు, ఎంత లాగినా వదలకూడదు. నాదే ఉంటే నా చెయ్యి పట్టుకోవడానికి ఆవిడ లేదు.

ఇంక కలం పెట్టేయాలి. ముడి బాగా బిగుసుకుని ఉంది, రెండు చేతులూ కావాలి. గాజుల చప్పుడు బయటికి వినబడకూడదని వాటిని మోచేతి దాకా తోసుకున్నాను. మణికట్టు మీద తేలు బయటపడింది. అరుగు మీద మాటలు ఆగిపోయాయి.