టైలరు ఒప్పుకోలు

ప్రతి మంగళవారం పదింటికి కుర్చీలు గుండ్రంగా వేయడం నా పని. తొమ్మిది మంది పేషెంట్లు, డాక్టరమ్మ, నేను. ఆ తొమ్మిది మందీ ఏదో ఒక నేరం చేసినవాళ్లే. మతి సరిగా లేక చేశారని కోర్టు తేల్చి, జైలుకు బదులు మా తాళాల ఆసుపత్రికి పంపింది. అందరూ మనసు విప్పి మాట్లాడుకునే ఆ గంటసేపు, వార్డు కాపలావాణ్నయిన నేను తాళాల గుత్తి జేబులో దాచుకుని వాళ్లలో ఒకడిగా కూర్చోవాలి. నేనూ నోరు విప్పవచ్చు. అదే కొంప ముంచింది.

వాళ్లలో టైలరంటే నాకు ప్రాణం. చిరిగిన దిండు గలీబులు కుట్టడానికి లెక్కపెట్టి సూది ఇస్తే, దాన్ని తిరిగి నా చేతిలో పెట్టేదాకా గుమ్మం దాటేవాడు కాదు. ఎవరినైనా చూపుతోనే కొలిచేస్తాడు. "అన్నయ్యా, మీ ఎడమ భుజం అరంగుళం కిందికుంది. ఈ చొక్కా కుట్టినవాడికి కళ్లు లేవా?" అని నా యూనిఫారాన్ని ఆడిపోసుకునేవాడు.

అలాంటి మనిషి, ఏడేళ్ల కిందట ప్యాంటు కోసం వచ్చిన ఒక ముసలాయన ముఖం మీదికి కాలుతున్న ఇస్త్రీపెట్టె విసిరాడు. ఆయనకు ఒక కన్ను పోయింది. "కొలతలు తీసేది నేను కదా. ఆయనేమో కళ్లతోనే నా మెడ కొలుచుకుంటున్నాడనిపించింది" అని చెప్పినప్పుడు మాలో ఎవరూ నవ్వలేదు.

మా గుంపులో ఒకటే పట్టు. చేసింది ఒప్పుకోవాలి, పక్కవాడి మీదికి తోయకూడదు. వచ్చిన కొత్తలో టైలరు, "మా అక్క మాత్రలు ఇవ్వడం మానేసింది" అన్నాడు. వాళ్లక్క నాకు తెలుసు. నెలనెలా రెండు బస్సులు మారి, ఉతికిన బట్టల మూట మోసుకొచ్చే మనిషి. నాకు ఒళ్లు మండింది. "ఆడలేక మద్దెల ఓడని నీలాంటివాడే అనుంటాడు" అన్నాను. గది గదంతా ఘొల్లుమంది. ఇంకో రెండుసార్లు అదే మాట ఎత్తాడు. రెండుసార్లూ అదే నవ్వు.

ఏడాది తిరిగేసరికి "మందులు నేనే మానేశాను" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. డాక్టరమ్మ ఫైల్లో 'మంచి మార్పు' అని రాశారు. నేను ఇంటికెళ్లి, ఆ మాట చెప్పించింది నేనేనని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను. "మీరు చెప్పిస్తే గోడ కూడా చెబుతుంది" అంది. మెచ్చుకుందనుకున్నాను.

ఎవరినైనా ఇంటికి పంపేముందు, తీసుకెళ్లే చుట్టాన్ని ఆ కుర్చీల్లో కూర్చోబెట్టడం మా రివాజు. పేషెంటు తను చేసిందంతా వాళ్లెదుట చెప్పాలి, విన్నామని వాళ్లు సంతకం పెట్టాలి. అది పడితేనే గేటు తెరుచుకునేది.

పోయిన మంగళవారం టైలరు వాళ్లక్క వచ్చింది. టైలరు నీళ్లు నమలకుండా మొదలుపెట్టాడు. "నిద్రమత్తు పడలేక మాత్రల డబ్బా కిటికీలోంచి కాలవలోకి విసిరేశాను. నెల తిరక్కుండానే..."

సంతకానికి పెన్ను పట్టుకున్న అక్క చెయ్యి ఆగిపోయింది.

"నువ్వెక్కడ విసిరావురా? గుండీల పెట్టె అడుగున నేను దాచాను కదా!"

ఆవిడ డాక్టరమ్మ వైపు తిరిగింది.

"మాత్ర వేసుకుంటే పొద్దెక్కినా లేచేవాడు కాదమ్మా. బడి తెరిచేలోపు రెండొందల యూనిఫారాలు ఇవ్వాలి. బాగానే ఉన్నాడు కదా, రెండు వారాలే కదా అనుకున్నాను. అది కాస్తా నెలైంది. ఆ ముసలాయన కన్ను నా వల్లే పోయింది. పోలీసులకు భయపడి అప్పుడు నోరెత్తలేదు. వీడు మీకు చెప్పేసే ఉంటాడని, నన్ను ఈసారైనా నిలదీస్తారని, ప్రతి నెలా గుండె చిక్కబట్టుకుని వచ్చేదాన్ని. చెప్పలేదా వీడు?"

చెప్పాడు. మూడుసార్లు చెప్పాడు. నోరు మూయించింది నేను. డాక్టరమ్మ గబగబా ఫైలు మొదటి పేజీలు తిప్పి, 'అక్క మాత్రలివ్వడం మానేసిందట' అన్న వరస మీద వేలు పెట్టారు.

"నిజమే తమ్ముడూ. నువ్వు మొదట్లోనే చెప్పావు. నేనే నమ్మలేదు" అన్నాను.

టైలరు నన్ను పట్టించుకోలేదు. అక్క వైపు జాలిగా చూశాడు. "నీ నెత్తిన వేసుకోకక్కా. నాకు బాగా గుర్తుంది. డబ్బా నీళ్లలో పడింది, మూత ఊడింది, తెల్ల మాత్రలు తేలాయి. నా కళ్లతో చూశాను."

"మన కిటికీ కింద కాలవెక్కడుందిరా?" అంది అక్క.

లేనివి కనబడుతున్నాయనే కదా అతణ్ని మా దగ్గరికి పంపారు! ఆరేళ్లు మందులిచ్చి, మాటలు నేర్పి, చప్పట్లు కొట్టి, లేని కాలవ ఒకటి అతనికి మేమే చూపించాం. ఆ క్షణాన నా నాలుక పడిపోయినా బాగుండేదనిపించింది.

టైలరు కిటికీ కింద ఏముందో గుర్తుచేసుకుంటున్నట్టు కాసేపు కళ్లు మూసుకున్నాడు. తరవాత అక్కను చూశాడు, సంతకం పడని కాగితాన్ని చూశాడు, నా వైపు తిరిగాడు.

"అన్నయ్యా, ఏది చెబితే ఇంటికి పంపిస్తారో మీరే చెప్పండి. అదే గుర్తుపెట్టుకుంటాను."