గట్టెక్కిన మంచం

తాడేపల్లిగూడెంలో ఉదయం ఆరున్నర పాసింజరు ఎక్కాను. కొల్లేటి లంకలో ఉండే మా పిన్ని మార్తమ్మ మంచాన పడింది. పోయేలోగా ప్రభు భోజనం తీసుకోవాలని ఆవిడ కోరిక. రొట్టె ముక్క, కాస్త ద్రాక్షరసం. కాని పాస్టరు వాక్యం చదివి దీవిస్తేనే అది ప్రభు భోజనం. ఊళ్ళో చర్చి చూసుకునే ఉపదేశికి ఆ అధికారం లేదు. ఏలూరులో ఉన్న పాస్టరు అయ్యగారిని తీసుకెళ్ళే పని నాకు పడింది.

స్టేషన్ ఎదుట ఇడ్లీ తిని, ఎనిమిదింటికి ఆయనింటికి చేరాను. ముందు గదిలో కెమెరా, లైట్లు బిగిస్తున్నారు. ఏడాదిగా ఆయన ప్రసంగాలు లోకల్ కేబుల్లో వస్తున్నాయి.

"ఇవాళ రికార్డింగండీ. పన్నెండింటికి సెల్‌కి చెయ్యండి. వాక్యం నేను చదువుతాను, రొట్టె ఉపదేశి పెడతాడు. దేవుడికి దూరమేంటండీ?"

"దూరం మా పిన్నికండీ," అన్నాను. ఆయన నవ్వి, పౌడరు కోసం ముఖం అటు తిప్పారు.

కైకలూరు బస్సులో కాళ్ళ కింద చేపల మేత బస్తాలు. పక్కన ఖాళీ గంపతో కూర్చున్నావిడ నా చేతిలోని సెల్ వంక చూసింది.

"మాటిమాటికీ చూస్తన్నారు, గుడ్డు పెడతాదేంటండీ?"

సంగతి చెప్పాను.

"మా చర్చిలోనూ టీవీ పెట్టారండీ. కళ్ళు మూసుకోమంటే మూసుకుంటన్నాం. మూసుకున్నామో లేదో ఆయనకేం తెలుస్తాదండీ," అంది.

రోడ్డు దిగి, గుర్రపుడెక్క తోసుకుంటూ పడవలో లంక చేరేసరికి పదకొండు దాటింది. పిన్ని నన్ను కాదు, నా వెనక గుమ్మాన్ని చూసింది.

"అయ్యగారేరి నాన్నా?"

"ఫోన్లో వస్తారు పిన్నీ."

ఇంట్లో సిగ్నల్ లేదు. చేపల చెరువు గట్టు మీదే అందుతుందన్నారు. నలుగురు మగవాళ్ళు మంచం ఎత్తి గట్టెక్కించారు. ఆడవాళ్ళు కొంగులు చాపి నీడ పట్టారు. ఉపదేశి ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, గుడ్డ కప్పిన పళ్ళెంతో నిలబడ్డాడు. స్పీకర్లో అయ్యగారి గొంతు వినిపించగానే పిన్ని సెల్‌కి చేతులు జోడించింది. ప్రభువు రొట్టె పట్టుకున్న మాట దాకా చదివారు. లైను తెగింది. మళ్ళీ చేస్తే స్విచ్ఛాఫ్.

పిన్ని నోరు తెరుచుకునే ఉంది.

"పెట్టెయ్యవయ్యా, ఎవరు చూడొచ్చారు," అంది వెనక నుంచి ఒకావిడ.

"దీవెన పూర్తవలేదండీ. వట్టి రొట్టె నోట్లో పెట్టి, ఇదే ప్రభు భోజనమని మార్తమ్మగారితో ఎలా అబద్ధమాడనండీ," అన్నాడు ఉపదేశి.

పిన్ని నోరు మూసుకుంది. "పోనీలే బాబూ, నీ తప్పేముంది," అంది. "వీళ్ళనిలా ఎండలో నిలబెట్టకండి. అన్నాలు తిన్నారో లేదో."

మంచం దింపాక ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఒకరు పాదాలు రాస్తుంటే ఇంకొకరు సన్నగా పాట ఎత్తుకున్నారు. నేను సాయంత్రం పడవ పట్టుకున్నాను.

ఏలూరు బస్సులో ఉండగా అయ్యగారే చేశారు.

"బ్యాటరీ అయిపోయిందండీ. ఈలోగా పెట్టేశారు కదండీ?"

"లేదండీ. రేపు రాగలరా?"

"రేపు మీటింగుందండీ. ఫోన్లోనే మళ్ళీ చూద్దాం."

వెళ్ళదలచిన వాళ్ళకి ఆ దారి కష్టమేమీ కాదు. ఏలూరు నుంచి బస్సూ పడవా కలిపి ఒక పూట ప్రయాణం. మేత బస్తాలూ ఐసు పెట్టెలూ రోజూ వెళ్తూనే ఉన్నాయి. పిన్ని ఇంకో మూడు రోజులు బతికింది. అయ్యగారు రాలేదు.