నేను డైరెక్ట్ చేసిన మోటారు

2019 మే నెల. పామిడి బస్టాండు దగ్గర నా కూలర్ల రిపేరు కొట్టు. మా వైపు గాలిలో తడి ఉండదు కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. లోపలి చిన్న మోటారు తొట్టిలో నీళ్లను గడ్డి మీదకు ఎక్కిస్తుంది, ఫ్యాను ఆ తడి గడ్డిలోంచి గాలి లాగుతుంది. రెండింటికీ వేరు వేరు స్విచ్‌లు. మోటారు ఆపితే ఉత్త ఫ్యానే.

పక్క పల్లె నుంచి నాగవేణి ఫోన్ చేసింది. "అన్నా, కూలర్లో వేడిగాలి వస్తాండాది. మా మామకి చానా కష్టంగా ఉండాది." భర్త రాయదుర్గంలో జీన్స్ కుడతాడు. ఒక పక్క పక్షవాతం వచ్చిన మామ ఓబులేసును ఆమే చూసుకుంటూ, పగలంతా కూలికి వెళ్తుంది.

రేకుల ఇల్లు. పెద్దాయన మంచం పక్కనే కూలర్. చూస్తే మోటారు స్విచ్ ఆపి ఉంది. వేసి వచ్చాను. వారంలో మళ్లీ ఫోన్, మళ్లీ అదే స్విచ్. మూడోసారి నాకు ఒళ్లు మండింది. అసలే నాది నోటిదురుసు.

"ఏం పెద్దాయనా, దాన్ని ఎందుకు ముట్టుకుంటాండావు?"

"చెయ్యి తగిలింటాదిలేప్పా," అన్నాడు, నా వైపు చూడకుండా.

మోటారును డైరెక్ట్ చేశాను. అంటే దాని స్విచ్ తప్పించి, వైరు ఫ్యానుకే కలిపాను. ఇక ఫ్యాను తిరిగితే నీళ్లూ ఎక్కాల్సిందే. "ఇంగ నీ చెయ్యి ఎంత తగిలినా ఏం కాదు," అని నవ్వాను.

"పెద్ద పనే చేసినావులేప్పా," అన్నాడు. మెచ్చుకున్నాడనుకున్నాను. గడప దగ్గర ఖాళీ బిందెలు వరసగా ఉన్నాయి. వాటిని దాటుకునే బయటికొచ్చాను.

నెలాఖరులో అదే వీధికి వేరే పని మీద వెళ్తే, ఓబులేసు వడదెబ్బతో పోయాడని తెలిసింది. నాగవేణిని పలకరించడానికి వెళ్లాను. కూలర్ మూలన ఉంది.

"నీళ్లు అయిపోతే నేను మళ్లా ఊరి బయట బోరు కాడికి పోవల్లని, నేను కూలికి పోతానే మా మామ కూలరే ఆపేస్తాండెన్నా. సాయంత్రం వచ్చి చూస్తే తొట్టిలో నీళ్లు పోసినవి పోసినట్లే ఉంటాండె. అడిగితే కరెంటు పోయిందంటాండె, పక్కింట్లో చూస్తే పోనేలేదంట," అని ఏడ్చింది. కళ్లు తుడుచుకుని అంది: "ముందు మాదిరే ఉండింటే గాలన్నా తగులుతాండె కదన్నా."

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. బిందెలు మోసే కోడలి నడుము కోసం ఆయన స్విచ్ ఆపుకుంటే, నేను మతి తప్పిన చేష్ట అనుకున్నాను. ఆ తప్పు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ తర్వాత ఎవరి మోటారూ డైరెక్ట్ చేయలేదు. ఎవరింటికి వెళ్లినా, స్క్రూడ్రైవర్ తీసే ముందు ఒక్క మాట అడుగుతాను: "ఈ తొట్టికి నీళ్లు మోసేది ఎవరు?" ఓబులేసు మంచం పక్కన నిలబడి అడగాల్సిన మాట అది.